స్క్రూ మీద ఎర్ర చుక్క

తాళం వేసిన తలుపుని మూడుసార్లు లాగి చూసే రకం మనిషిని నేను. గ్యాస్ కట్టేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వచ్చిన రోజులు లెక్కలేనన్ని. మా తమ్ముడు నాకు 'సీసీ కెమెరా' అని పేరు పెట్టాడు. ఫొటోలు తీసుకుని బతికేవాళ్ళ ఇంట్లో ఆ పేరు బాగానే అతుక్కుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకి, "పద్దెనిమిదేళ్ళుగా అందరి పెళ్ళిళ్ళూ దగ్గర్నుంచి చూస్తున్నాను కదండీ, చాలు" అని చెబుతాను. ఇదంతా ముందే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, ఆ ఏడాది పెళ్ళిళ్ళ సీజన్లో మా ఇల్లు రెండు ముక్కలు కాబోయింది. కెమెరా బెల్టు వల్ల అలా జరిగిందని మావాళ్ళు అనుకుంటారు. బెల్టుది ఏ పాపమూ లేదు.

మాది కింద స్టూడియో, పైన ఇల్లు. స్టూడియో నాన్న పెట్టింది. ఆయన ఫంక్షన్లకి రావడం మానేసి అప్పటికి రెండేళ్ళయింది. ఫొటోలు నేను, వీడియో తమ్ముడు. ఆ ఏడే తమ్ముడికి పెళ్ళయింది, మరదలు వస్తూనే రెండో కెమెరా అందుకుంది. దర్జీ కూతురు. చెయ్యి నిదానం, కన్ను చురుకు. నేను ఆరేళ్ళు తంటాలు పడి నేర్చుకున్నది ఆ పిల్ల ఆరు నెలల్లో పట్టేసింది. ఇంత తొందరగా పని నేర్చుకునే మనిషి మనసులో ఏం పెట్టుకుందో అని నాకు అప్పుడే అనిపించింది.

సీజన్ ఇంకో వారంలో మొదలవుతుందనగా నా మెడ పట్టేసింది. పక్కకి చూడాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది. నాన్న కాలం నుంచీ మావి మెడలో వేసుకునే తోలు బెల్టులు. పెద్ద లెన్సు తగిలించాక ఆ కెమెరా బరువు చిన్నపిల్లని మెడకి కట్టుకున్నట్టే.

"ఇంకా మెడలో వేలాడేసుకోవడం ఏంటి వదినా?" అంది మరదలు. "భుజం మీంచి అడ్డంగా వేసుకునేవి వస్తున్నాయి కదా. బరువు మెడ మీద పడదు. వెళ్ళి చూద్దాం రా."

వెళ్ళాం. కెమెరా షాపాయన మమ్మల్ని చూడగానే బల్ల నిండా బెల్టులు పరిచేశాడు. ఒకటి మెత్తగా వెడల్పుగా ఉంది కానీ పది నిమిషాలకే భుజం చెమట పట్టింది. ఇంకోటి సాగుతుంది, నడిస్తే కెమెరా గెంతులు వేస్తుంది. ఒకటి నా బట్టల మీద నిలవకుండా జారిపోయింది. రెండు భుజాలకీ తగిలించుకునేదాన్ని వేసుకుని అద్దంలో చూసుకుంటే బండికి కట్టడానికి సిద్ధం చేసిన గుర్రంలా కనిపించాను. చివరికి ఆయన ఒకటి తీసి నా భుజం మీంచి అడ్డంగా వేసి, కొస కెమెరా అడుగున బిగించి వదిలాడు. కెమెరా నా నడుం పక్కన తలకిందులుగా వేలాడింది.

"ఇదేంటి, గబ్బిలంలాగా?" అన్నాను.

"ట్రైపాడ్ బిగించే చోటే ఈ స్క్రూ ఎక్కుతుందండీ. చెయ్యి కిందకి వేస్తే కెమెరా దొరుకుతుంది. ఇలా పైకి లాగితే బెల్టు మీద జారుకుంటూ కంటి దగ్గరకి వచ్చేస్తుంది."

"ఇంత బరువూ ఈ ఒక్క స్క్రూ మీదేనా?"

"మీరూ నేనూ కలిసి వేలాడినా ఊడదు మేడం."

"ముందు మీరు వేలాడండి, నేను చూస్తాను."

ఆయన నవ్వాడు కానీ వేలాడలేదు. మరదలు మాత్రం ఒక్కో బెల్టునీ తిరగేసి అడుగు చూస్తోంది. "పైన మెత్త చూసి మోసపోకు వదినా. కుట్టు చూడు. దీనికి అడ్డంగా నాలుగు వరసలు పడ్డాయి. దీనికి రెండే. ఏడాది తిరక్కుండా విచ్చిపోతుంది." కుట్టు గురించి అంత చెబుతున్న మనిషి స్క్రూ గురించి ఒక్క మాట ఎత్తదేమా అనుకున్నాను. అయినా మెడ నొప్పి అన్ని అనుమానాలనూ మింగేసింది. తనకొకటి, నాకొకటి తీసుకున్నాం.

నాన్న ఆ బెల్టుని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నా బెల్టులకి ఏమొచ్చింది?"

"నా మెడ పోయింది నాన్నా."

"ముప్ఫై ఏళ్ళు మోశాను. నా మెడ పోలేదే!"

అసలు సంగతి వేరే ఉంది. ఫంక్షన్ రోజు పొద్దున్నే బెల్టులన్నీ పూర్తిగా ఊడదీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ కట్టడం మొదట్నుంచీ ఆయన పని. నిన్న కట్టిన బెల్టుతో ఇవాళ బయటికి వెళ్ళడానికి ఒప్పుకునేవాడు కాదు. కట్టాక రెండుసార్లు గట్టిగా గుంజేవాడు. ఒకసారి సరిపోదా అంటే, మొదటిది బెల్టు కోసం, రెండోది నా కోసం అనేవాడు. తాను రావడం మానేశాక కూడా ఆ పని మానలేదు. ఇప్పుడు తోలు పోయి స్క్రూ వచ్చేసరికి ఆయనకి కోపం వచ్చింది. "మీ కొత్త బెల్టులు మీరే చూసుకోండి. నేను ముట్టుకోను" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆ మధ్యే బొత్తాల చొక్కాలు మానేసి తల మీంచి తొడుక్కునే టీషర్టులు మొదలుపెట్టాడు. ఈ వయసులో ఈ సోకులేంటని దాని మీద కూడా నాకో కన్నుండేది.

మొదటి రెండు ఫంక్షన్లూ సాఫీగా జరిగిపోయాయి. మెడ మామూలయింది. మరదలు మంచి పనే చేసిందని నా నోటితో నేనే అనబోయాను కూడా.

మూడో ఫంక్షన్ పొద్దున డాబా మీంచి తువ్వాళ్ళు తీసుకుని దిగుతున్నాను. ముందుగదిలో మరదలు నేలమీద కూర్చుని ఉంది. కెమెరా బ్యాగు తెరిచి ఉంది. నా కెమెరా తన ఒళ్ళో ఉంది. చేతిలో ఒక పాత నాణెం. దాన్ని స్క్రూ గాట్లో పెట్టి తిప్పుతోంది.

"ఏం చేస్తున్నావ్?"

ఉలిక్కిపడింది. నాకు అది చాలు.

"ఏం లేదు వదినా. ఊరికే... బిగిసిందో లేదో అని."

"నిన్న సాయంత్రం నేను బిగించాను. నా చేత్తో. మళ్ళీ నువ్వు చూసేదేంటి?"

ఏదో చెప్పబోయింది. బాల్కనీలో పేపరు చదువుకుంటున్న నాన్న వైపు ఒకసారి చూసింది. "సరే వదినా" అని నాణెం బ్యాగు పక్క జేబులో వేసి లేచింది.

"ఇవాళ్టి నుంచి ఈ బ్యాగు ఎవరూ ముట్టుకోవద్దు. నేనే సర్దుతాను, నేనే మోస్తాను. నీ కెమెరా కావాలంటే హాలుకి వెళ్ళాక నేనే తీసిస్తాను."

"అదీ పద్ధతి" అన్నాడు నాన్న పేపరు వెనక నుంచి.

ఆ సాయంత్రం కిందకి వస్తుంటే స్టూడియో లోపలి గదిలో మొగుడూ పెళ్ళాల మాటలు వినపడ్డాయి. చాటుగా వినడం తప్పే. ఆ తప్పు నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

"సీజన్ అయిపోనీ, అప్పుడు చెప్తాను" అంటోంది మరదలు. "ఇప్పుడు బయటపెడితే మీ అక్క ఊరుకోదు."

"నాకైనా చెప్పొచ్చుగా?"

"నీకు చెప్తే మీ అక్కకి చెప్పినట్టే."

ఇక నాకు వివరించేవాళ్ళు అక్కర్లేదు. పని నేర్చుకుంది. మొగుణ్ణి మెత్తబరుస్తోంది. సీజన్ అవగానే వేరే స్టూడియో పెట్టిస్తుంది. నా కెమెరా స్క్రూతో ఏం పనో మాత్రం అర్థం కాలేదు. అర్థం కాని చోట నేను ఎప్పుడూ చెడే ఊహిస్తాను.

నాలుగో ఫంక్షన్ ఒక రిసెప్షన్. బయల్దేరేముందు బ్యాగు భుజాన వేసుకుంటుంటే మరదలు దగ్గరకి వచ్చి నెమ్మదిగా అంది, "వదినా, ఒక్కసారి స్క్రూలు చూసుకో."

"నీ సలహా అడిగానా?"

రాత్రి నా చేత్తో నేను బిగించాను. నాణెంతో, పళ్ళు కరుచుకుని మరీ. మళ్ళీ చూస్తే ఆ పిల్ల మాట విన్నట్టవుతుందని చూడలేదు. తాళం మూడుసార్లు లాగి చూసే మనిషిని, ఆ ఒక్కరోజు పంతానికి పోయాను.

ఆ హాల్లో పన్నెండు రాతి మెట్లు ఉన్నాయి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పై నుంచి దిగుతున్నారు. నేను వాళ్ళకి ఎదురుగా వెనక్కి నడుస్తూ మెట్లు దిగుతున్నాను. అడ్డం వస్తున్న పిల్లలని తప్పుకోమందామని కెమెరా కిందకి వదిలి చెయ్యి ఊపాను. అంతే, భుజం ఒక్కసారిగా తేలికైపోయింది. బెల్టు భుజం మీదే ఉంది, దాని కొసన స్క్రూ వేలాడుతోంది. కెమెరా మూడు మెట్లు దొర్లి, లెన్సు ఒకవైపు, తాను ఒకవైపు పడింది. పెళ్ళికూతురు అడుగు వెనక్కి వేసింది. "పోన్లెండి, దిష్టి పోయింది" అని ఎవరో పెద్దావిడ అంటే నలుగురు నవ్వారు.

"వదినా, నువ్వు పక్కకి రా, నేను తీస్తాను." మరదలు నన్ను దాటి ముందుకి వెళ్ళింది. మెట్ల మీద వంగి, లేచి, వెనక్కి నడిచి, ఒక్క ఫొటో కూడా పోనివ్వకుండా పని మొత్తం చేసేసింది. నేను పగిలిన కెమెరా ఒళ్ళో పెట్టుకుని గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. అది నాన్న ఆఖరుసారి కొన్న కెమెరా. ఏడుపు రావాల్సింది. దాని బదులు బుర్ర పరుగు పెట్టింది. రాత్రి నేను బిగించాను. పొద్దున్నకి వదులైంది. మధ్యలో ఆ బ్యాగు ముట్టుకునే అలవాటు ఎవరికి ఉంది? ఊడుతుందని తనకి ముందే ఎలా తెలుసు?

అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు మరదలు బల్ల మీద పెట్టి వెళ్ళిన తన కెమెరా తీసి చూశాను. దాని స్క్రూ గోరుతో కాదు కదా, నాణెంతో కూడా కదల్లేదు.

ఇంటికొచ్చి నాన్న ముందే అడిగేశాను.

"నా కెమెరా ఒక్కటే ఎందుకు ఊడింది? నీది ఎందుకు రాయిలా ఉంది?"

"అక్కా, ఏం మాట్లాడుతున్నావ్?" తమ్ముడు కెమెరా స్టాండు గోడకి చేర్చి వచ్చాడు.

"నువ్వాగు. నేను తనని అడుగుతున్నాను. మొన్న పొద్దున నా కెమెరా ఒళ్ళో పెట్టుకుని స్క్రూ తిప్పుతూ దొరికింది. దొరికిందా లేదా?"

"దొరకడమేంటి, దొంగా తను?"

నాన్న పగిలిన కెమెరాని తెల్లటి గుడ్డ మీద పెట్టి, దాని అడుగుభాగం వేలితో తడుముతున్నాడు. "స్క్రూ బిగించడం అందరికీ రాదమ్మా" అన్నాడు తలెత్తకుండా. "కొత్తగా వచ్చినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? వేళ్ళలో బలం ఉండాలి."

మరదలు ఆయన వైపు చూసింది.

"నేనే హాల్లో చూడాల్సింది వదినా" అంది చివరికి. "తప్పు నాదే."

ఒప్పేసుకుంది! ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు, సంతోషం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, కానీ అదే నిజం.

మర్నాడు మరదలు పుట్టింటికి వెళ్ళిపోయింది. బస్సెక్కించి వచ్చి తమ్ముడు నాతో రెండే మాటలు మాట్లాడాడు. "సీజన్ అయ్యేదాకా ఉంటాను. తరవాత మేం వేరే చూసుకుంటాం."

"ముందే అనుకున్నదేగా!"

"ఏంటి ముందే అనుకున్నది?"

నా తమ్ముడికి నటన రాదు. వాడి మొహం చూస్తే నిజంగానే ఏమీ తెలియనట్టు ఉంది. అయినా నేను నమ్మలేదు. నాన్న అన్నం ముందు కూర్చుని, "ఇల్లు బోసిపోయిందే" అన్నాడు.

మరదలు వాడిన కెమెరా నేను తీసుకున్నాను. కెమెరా చేతికొచ్చినా మనశ్శాంతి రాలేదు. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. అద్దం దగ్గర మరదలు వదిలేసి వెళ్ళిన ఎర్ర గోళ్ళరంగు సీసా ఉంది. ఫంక్షన్ ముందురోజు సాయంత్రం స్క్రూని గట్టిగా బిగించి, సగం స్క్రూ మీద, సగం కెమెరా మీద పడేలా ఒక్క చుక్క పెట్టాను. ఆరాక స్క్రూ కాస్త కదిలినా చుక్క విరిగిపోతుంది, ఎవరో ముట్టుకున్నారని తెలిసిపోతుంది. మరదలు ఇంట్లో లేదు కాబట్టి చుక్క చుక్కలాగే ఉంటుంది, నా మాటే నిజమని నాకు రుజువవుతుంది. దాని కోసమే పెట్టాను.

పొద్దున బ్యాగు తెరిచి చూస్తే చుక్క విరిగి ఉంది. స్క్రూ మీది సగం ఒకచోట, కెమెరా మీది సగం ఇంకోచోట.

మరదలు ఎక్కడో బస్సు దూరంలో ఉంది. ఇంట్లో మిగిలింది ముగ్గురం. స్క్రూ మళ్ళీ బిగించి ఫంక్షన్‌కి వెళ్ళాను కానీ, రోజంతా తమ్ముడినే చూస్తూ ఉన్నాను. పెళ్ళాం మీద పడిన మాటకి నా మీద కక్ష తీర్చుకుంటున్నాడా? నా చంకనెక్కి పెరిగినవాడు. వాడిని కూడా అనుమానించాను. వాడు వీడియో తీస్తూ మధ్యలో మంచినీళ్ళ సీసా తెచ్చిస్తే, మూత ముందే తీసి ఉందేమో అని చూసి మరీ తాగాను.

ఆ తరవాతి ఫంక్షన్‌కి ముందురోజు కొత్త చుక్క పెట్టాను. పొద్దున ఐదున్నరకే లేచి, నడవ తలుపు పక్కన కర్టెన్ వెనక పీట వేసుకుని కూర్చున్నాను. కిటికీలోంచి వెలుగు అప్పుడప్పుడే వస్తోంది.

నాన్న వచ్చాడు. అడుగుల చప్పుడు కాకుండా చెప్పులు విడిచి వచ్చాడు. బ్యాగుని కిటికీ పక్క కుర్చీ దగ్గరకి తెచ్చుకుని, చూపుడువేలు జిప్పు కొక్కెంలో పెట్టి లాగాడు. రెండు వేళ్ళతో పట్టుకుని కాదు, వేలు వంచి కొక్కెంలా చేసి లాగాడు. కెమెరా తీశాడు. టీషర్టు అంచుని స్క్రూ మీద వేసి, అరచేత్తో నొక్కి తిప్పాడు. చాలాసేపు పట్టింది. ఊడాక జేబులోంచి గుడ్డ తీసి స్క్రూని తుడిచాడు, అది పట్టే చోటు తుడిచాడు, బెల్టు పొడుగూ తుడిచాడు. మళ్ళీ బిగించడానికి కూర్చున్నాడు. బొటనవేలు జారిపోయింది. దాన్ని మోకాలికి రుద్దుకుని మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. వేళ్ళకి ఏం తగులుతోందో ఆయనకి తెలుస్తున్నట్టు లేదు, ఎక్కడుందో కళ్ళతో వెతుక్కుంటున్నాడు. చివరికి స్క్రూ రెండు చుట్లు తిరిగి ఆగింది. ఆయనకి అది బిగిసినట్టే. బెల్టుని ఒకసారి గుంజాడు, రెండోసారి గుంజాడు. తృప్తిగా తలాడించి, అంతా ఎక్కడిదక్కడ పెట్టేసి, కాఫీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

బొత్తాల చొక్కాలు ఎందుకు మానేశాడో అప్పుడు తెలిసింది.

వెళ్ళి స్క్రూ పట్టుకుంటే చిటికెనవేలితోనే తిరిగింది. బిగిద్దామని నాణెం కోసం బ్యాగు పక్క జేబులో చెయ్యి పెట్టాను. మరదలి పాత నాణెం అక్కడే ఉంది. అంచు నిండా గీతలు పడి ఉన్నాయి, స్క్రూ గాట్లో పెట్టి తిప్పి తిప్పి. ఎంత గట్టిగా తిప్పితే అలా అవుతుంది! నేను ఆ పిల్లని బ్యాగు ముట్టుకోవద్దని శాసించాక వచ్చిన తరవాతి ఫంక్షన్‌లోనే కెమెరా పడిపోయింది. పడేసింది నేను. లోకంలో అందరినీ అనుమానించాను, నాన్నని తప్ప. నన్ను తప్ప.

ఫంక్షన్ అయిన మర్నాడు బస్సెక్కాను.

మరదలి పుట్టింట్లో ముందుగదిలో కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. పక్కన కుర్చీలో వాళ్ళ నాన్న గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే తల ఊపి మళ్ళీ గోడ వైపు తిరిగాడు. మరదలు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. నేను నాణెం తన చేతిలో పెట్టాను.

తను దాన్ని గుప్పిట్లో మూసింది. "చూశావా?"

"నిన్న పొద్దున. నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి ఫంక్షన్‌కే. హాలుకి వెళ్ళి చూస్తే రెండు స్క్రూలూ వదులుగా ఉన్నాయి. రెండోసారి పొద్దున్నే లేచి చూశాను. మామయ్యగారు కాఫీకి వెళ్ళగానే నేను బిగించేదాన్ని."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే ఏం చేసేదానివి వదినా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "బ్యాగు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని."

"అందుకే." తన చూపు ముందుగది వైపు వెళ్ళింది. "మా నాన్నకి చూపు తగ్గి రెండు చొక్కాలు తప్పుగా కత్తిరించాడు. కత్తెర దాచేశాను. నేనే. మంచి పనే చేశాననుకున్నా. ఆ రోజు నుంచి అలా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నాలుగేళ్ళయింది."

నేనూ తల తిప్పి ముందుగది వైపు చూశాను.

"సీజన్ అయ్యాక డాక్టరుకి చూపిద్దామనే అనుకున్నా. ఇంకో రెండు నెలలేగా, ఈ రెండు నెలలు ఆయన పని ఆయన చేసుకోనీ అనుకున్నా. కెమెరా పడుతుందని అనుకోలేదు వదినా. నిజంగా."

"పడేసింది నేను" అన్నాను. ఆ తరవాత ఏడ్చాను. తను నా వీపు రాస్తూ, "ఊరుకో, మా అమ్మ చూస్తే నేనే నిన్ను ఏదో అన్నాననుకుంటుంది" అంది. దాంతో ఏడుపులోనే నవ్వొచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఇద్దరం కెమెరా షాపు దగ్గర దిగాం. షాపాయన నన్ను చూడగానే నవ్వు మానేశాడు.

"ఎవరైనా ఊడదీసి మళ్ళీ వదులుగా బిగించినా, కెమెరా కిందపడని బెల్టు కావాలి" అన్నాను.

"ఎందుకు ఊడదీస్తారు మేడం?"

"ఊడదీస్తారు. అది మా ఇంటి పద్ధతి."

ఆయన మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. బల్ల కింది నుంచి మధ్యవేలంత పొడుగు సన్నటి తాడు తీశాడు. ఒక కొస కెమెరా పక్కనున్న రింగులోకి, రెండో కొస చిన్న కొక్కెంతో బెల్టుకి. స్క్రూ ఊడినా కెమెరా ఆ తాడుకి వేలాడుతుంది. నేను లాగి చూశాను, మూడుసార్లు. మరదలు తాడుని తిరగేసి కుట్టు చూసి పెదవి విరిచింది. "తాడు బాగుంది. కొక్కెం బాలేదు. కొక్కెం ఉంటే మామయ్యగారు అదీ తీసి తుడుస్తారు. నేను కుట్టేస్తాను."

ఆ మధ్యాహ్నం స్టూడియోలో కూర్చుని, రిపేరై వచ్చిన నా కెమెరాకీ, రెండోదానికీ తాడుని రింగులోంచి దూర్చి, మైనం రాసిన దారంతో బెల్టుకే కుట్టేసింది. అడ్డంగా నాలుగు వరసలు. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఇద్దరినీ వింతగా చూశాడు. పొద్దున వెళ్ళేటప్పుడు వాడికి చెప్పలేదు, వచ్చాక కూడా ఎందుకో చెప్పలేదు. తప్పు నాదని మాత్రం వాడి ముందే మరదలితో చెప్పాను.

"మా అక్క తప్పు ఒప్పుకోవడమేంటి?" అన్నాడు వాడు పెళ్ళాంతో. "ఏం మందు పెట్టావ్?"

వేరుపడే మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ నాతో మునుపటిలా మాట్లాడటానికి వాడికి చాలా రోజులే పట్టింది. అది నాకు రావాల్సిందే.

సీజన్‌లో ఆఖరి ఫంక్షన్ పొద్దున నేను బ్యాగు తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టాను. "బెల్టులు చూడు నాన్నా. నువ్వు చూడకపోతే నాకు ధైర్యంగా లేదు."

ఆయన పేపరు మడిచాడు. "చూడనన్నాను కదా" అన్నాడు. అంటూనే జేబులోంచి గుడ్డ తీశాడు. ఈసారి బాల్కనీలో, అందరం చూస్తుండగా, తొందర లేకుండా పని చేసుకున్నాడు. "ఈ రెండో తాడెందుకు?" అని అడిగాడు.

"ఫ్యాషన్ నాన్నా."

"సోకులు" అని గొణిగి, స్క్రూ తిప్పి, రెండుసార్లు గుంజి, కెమెరా నాకు అందించాడు. "చూసుకో."

నేనూ రెండుసార్లు గుంజాను. నా వేలి కింద స్క్రూ అటూ ఇటూ కదులుతోంది. "రాయిలా ఉంది నాన్నా" అన్నాను.

వ్యాను వీధి మలుపు తిరగ్గానే మరదలు చెయ్యి చాచింది. కెమెరా ఇచ్చాను. నాణెం తీసి బిగించి, తిరిగి నాకు ఇచ్చింది. భుజాన వేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బిగిసిందో లేదో చూడలేదు.

ఆ సాయంత్రం సీజన్ అయిపోయిందని బ్యాగు ఖాళీ చేసి అన్నీ తుడిచి పెడుతున్నాం. నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. నా కెమెరా ఒళ్ళోకి తీసుకుని స్క్రూ జోలికి పోకుండా మరదలు వేసిన కుట్టు మీద బొటనవేలు పెట్టి, ఒక్కో వరసా తడిమాడు. నాలుగు వరసలూ అయ్యాక మళ్ళీ మొదటి వరసకి వచ్చాడు.

"మంచి కుట్టమ్మా" అన్నాడు మరదలితో. "ఇక నేను ఎలా బిగించినా పరవాలేదు."

మరదలు చేతిలో గుడ్డ ఆగిపోయింది. నేను తలెత్తి ఆయన మొహంలోకి చూశాను. ఆయన అప్పటికే లేచి, టీషర్టు సర్దుకుంటూ కాఫీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోతున్నాడు. కెమెరా ఎందుకు పడిందో ఆయనకి తెలిసిపోయిందా? తెలిస్తే ఎప్పటి నుంచి? నా జీవితంలో తేల్చుకోకుండా వదిలేసిన అనుమానం అదొక్కటే.